కాత్యాయనమ్మ కాలి మెట్టెలు

పుదుచ్చేరి,
జూన్ నెల, 2007.

హైదరాబాదులో ‘తలుపు వెనక’ సీరియల్ తీసే నాగావళి టెలిచిత్రాల వారికి,

పుదుచ్చేరి పట్టణం ముత్తియాల్‌పేటలో సొంత ఇంట్లో కాపురముండే అమ్మాయమ్మ అనే నేను, వయసు డెబ్బై దాటినదాన్ని, కాలం చేసిన వరదరాజులు నాయుడి భార్యను. ఇంట్లో కొడుకు అనంతరామన్, కోడలు మంగళం, ఏ భాషలో పిలిచినా తమిళంలోనే పలికే ఇద్దరు మనవరాళ్లు, మేడ మీద అద్దెకున్న యానాం దంపతులు నూకరాజు, లలితకుమారి ఉన్నారు. బుద్ధి, జ్ఞాపకం, గొంతు మూడూ గట్టిగా ఉండగా నేను చెప్పి రాయిస్తున్నది ఏమంటే, మీ సీరియల్లో హత్యలు చేస్తున్నది ఎవరో నాకు తెలిసిపోయింది.

ఆ ఇంటి యజమాని మిల్లు మంటల్లో కాలిపోయాడని మొదటినుంచీ నమ్మిస్తూ వస్తున్నారు. అబద్ధం. ఆయన చావలేదు. కల్తీ మందులు అమ్మినవాణ్ణి, అనాథల భూమి మింగినవాణ్ణి, కోర్టు వదిలేసిన ప్రతి వెధవనూ వెతికి చంపి, మీద నల్లకండువా కప్పి పోతున్నది ఆయనే. ఆ రహస్యం ఇంట్లో ఒక్క మనిషికే తెలుసు. ఆయన భార్య కాత్యాయనమ్మకు. ఆమె బొట్టు తీసింది, తాళి తీసింది, గాజులు తీసింది. మెట్టెలు మాత్రం తీయలేదు. మొగుడు బతికున్న ఆడదే మెట్టెలతో తిరుగుతుంది. ఇక నాకు వేరే సాక్ష్యం ఎందుకు?

ఈ సంగతి ముందే రాయించి పంపడానికి కారణం ఉంది. మా వీధిలో మేం తప్ప అందరూ తమిళం వాళ్లు. కేబుల్ నడిపే త్యాగరాజన్ వాకిట్లో నేను కూర్చుని పోరితే గానీ తెలుగు ఛానెల్ రాలేదు. సాయంత్రం మీ సీరియల్ వచ్చే అరగంటా వీధి ఆడవాళ్లంతా మా హాల్లో ఉంటారు. ఒక్క ముక్క తెలుగు రాదు వాళ్లకు. నేను వింటూ తమిళంలో చెబుతాను. పక్కింటి కమలమ్మాళ్ మాత్రం నోరు మూయదు. ‘ఇదో, కత్తి తీశాడు! ఇదో, మెట్లెక్కుతున్నాడు! ఇదో, ఆమె కళ్లు తుడుచుకుంటోంది!’ అని ఒకటే గోల. మాకేదో కళ్లు లేనట్టు.

ఆ కమలమ్మాళ్ మొన్న పదిమందిలో నన్ను అనింది: “అక్కా, నీకు తెలుగు తెలుసు గానీ కథ తెలీదు. చంపేది ఆ ఇంటి చిన్నకొడుకు, ఇన్‌స్పెక్టరే.”

“యాడ తెలిసింది నీకు? ఆయన మాటలో ఒక్కటన్నా అర్థమైందా?” అన్నాను.

“మాట ఎందుకు? మొహం చూస్తే తెలీదా?” అనింది.

పందెం పడింది. నేను తప్పయితే, ఆ అరగంటా మా టీవీ కట్టేసి, అందరూ వాళ్ల ఇంటికి పోయి అదే వేళకు వచ్చే తమిళ సీరియల్ చూడాలి. నేనూ పోయి మూలన కూర్చోవాలి. ఇది మీకు చిన్న సంగతి బాబూ. మా వీధిలో తెలుగు బయటికి వినపడేది ఆ అరగంటే. నా మనవరాళ్లు నా పక్కన చేరి “అంటే ఏంది అవ్వా?” అని తెలుగులో అడిగేదీ అప్పుడే. ఆ అరగంట పోతే నేను గోడతో మాట్లాడుకోవాలి.

కాబట్టి నేను ముందే చెప్పానని ఈ కాగితం సాక్ష్యం. మీరు ఆఖర్లో మనసు మార్చుకుని కథ తిప్పితే ఊరుకోను.

ఇట్లు,
అమ్మాయమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.
సాక్షులు: ఇస్త్రీ కొట్టు రాజరత్నం, రాసిన నూకరాజు.

తా.క.: ఆ ఇన్‌స్పెక్టర్ అబ్బాయికి మీసం కత్తిరించుకోమని చెప్పండి. నోట్లో పడి మాట నలుగుతోంది.

మరో తా.క.: అయ్యా, ఇది నూకరాజు సొంతంగా రాస్తున్నది. నేను చేతిరాత వరకే బాధ్యుణ్ణి. ముసలావిడ చాదస్తం. ‘మీ ఊహ అద్భుతం’ అని ఒక్క ముక్క రాసి పడెయ్యండి. లేకపోతే మోటారు కట్టేస్తుంది, మేడ మీదకు నీళ్లు ఎక్కవు.

*

హైదరాబాద్,
జూలై మొదటివారం.

గౌరవనీయులైన అమ్మాయమ్మ గారికి నమస్కారాలు.

మా ధారావాహికపై మీరు చూపుతున్న అభిమానానికి కృతజ్ఞతలు. ముగింపు గురించి ముందుగా ఏమీ చెప్పలేం. అయితే ఒక పొరపాటును సవరించడం నా విధి. కాత్యాయనమ్మ పాత్ర వితంతువు. ఆ పాత్రకు మెట్టెలు లేవు. మా దుస్తుల విభాగం చూసే మహాలక్ష్మి గారు ఇలాంటి విషయాల్లో చాలా ఖచ్చితమైన మనిషి. పైగా ఆ పాత్ర చీర కుచ్చిళ్లు నేలను తాకుతూ ఉంటాయి. ఇంతవరకూ ప్రసారమైన ఏ భాగంలోనూ ఆమె పాదాలు తెర మీద కనిపించలేదు. అనుమానం తీరడానికి మళ్లీ వేసుకుని చూశాం కూడా.

ఇక మా ఇన్‌స్పెక్టర్‌కు మీసం లేదు. నున్నగా గీసుకుంటాడు. మాది డబ్బింగ్ లేని సీరియల్. పాత బంగళాలో, రాతి గచ్చు మీద, మాటలు అక్కడికక్కడే రికార్డు చేస్తాం. ఆ నటుడికి దవడపన్ను నొప్పి. మాట నలగడానికి అదీ కారణం.

బహుశా మీరు వేరే ఛానెల్లో వేరే సీరియల్ చూస్తున్నారేమో. దయచేసి ఒకసారి సరిచూసుకోగలరు.

భవదీయుడు,
ఫణిధర్,
కథా విభాగం.

తా.క.: నూకరాజు గారు విడిగా రాసిన చాదస్తం సంగతి, మోటారు సంగతి చదివి ఆయన ఇబ్బంది అర్థం చేసుకున్నాం. కనుక: మీ ఊహ అద్భుతం.

*

పుదుచ్చేరి,
జూలై.

కథా విభాగం ఫణిధర్‌కు,

అమ్మాయమ్మ అనే నేను, వయసు, ఇల్లు, వాకిలి మొదటి ఉత్తరంలో చెప్పినట్టే, కోపం మాత్రం కొత్తగా, రాయిస్తున్నది ఏమంటే.

మీ జవాబు వచ్చినప్పుడు నూకరాజు ఆఫీసుకు పోయి ఉన్నాడు. ఆయన భార్య లలితకుమారి చేత హాల్లో అందరి ముందూ చదివించాను. ఆ పిల్ల అమాయకురాలు. తాజా కలం దాకా ఒక్క అక్షరం వదలకుండా చదివేసింది. చదివాక తనే నాలిక కరుచుకుంది. సాయంత్రం ఆయన గేటు తీస్తూ “మామ్మగారూ, ఏవైనా ఉత్తరం వచ్చిందాండీ?” అన్నాడు.

“వచ్చింది నాయనా. బిందె తీసుకుని కిందికి రా” అన్నాను.

మోటారు కట్టేశాను. ఆయన నీళ్లు మోస్తున్నాడు. ఆ పిల్ల జోలికి పోలేదు, ఆమె బిందెలు కూడా ఆయనే మోస్తున్నాడు. ఇక నుంచి నా ఉత్తరాలు ఆమె రాస్తుంది.

ఇప్పుడు మన సంగతి. నేను వేరే సీరియల్ చూస్తున్నానా? ఆ ఇంటి వంటవాడు దొంగతనంగా దగ్గుతాడు. పెద్దకోడలు అబద్ధం చెప్పే ముందు గుటక వేస్తుంది. ఇన్‌స్పెక్టర్ తల్లితో మాట్లాడేటప్పుడు ఒక రకంగా, తలుపు మూసిన గది ముందు ఒక రకంగా ఊపిరి తీస్తాడు. ఇవి వేరే సీరియల్లో ఉన్నాయా? మీసం ఉంటే ఏంది, లేకపోతే ఏంది? మీసంతో హత్యలు చేస్తాడా?

ఆ జవాబు విని కమలమ్మాళ్ ఎట్లా నవ్విందో మీకు తెలీదు. లలితకుమారి చదివిన ప్రతి వాక్యాన్నీ నేనే తమిళంలో చెప్పాలి కదా, నా అవమానాన్ని నా నోటితోనే చెప్పుకోవలసి వచ్చింది. “పాదాలే కనపడలేదంట, మెట్టి యాడుందక్కా?” అని రాజరత్నం కూడా అడిగాడు. వాడు నా సాక్షి! మనవరాలు నా చెయ్యి పట్టుకుని “విడు అవ్వా” అనింది. తెలుగులోనే అనింది. అది మాత్రం మనసుకు పట్టింది.

ఫణిధర్, నువ్వు చదువుకున్నవాడివి. బొమ్మలన్నీ మళ్లీ వేసి చూశానన్నావు. అంత కష్టం ఎందుకు? ఆ కాత్యాయనమ్మ వేషం వేసే మనిషి మీ కళ్ల ముందే ఉంది కదా. పోయి, పెద్దమనిషి తరహాలో, “అమ్మా, కాలికి మెట్టెలు ఉన్నాయా?” అని అడుగు. లేవంటే నేను టీవీ కట్టేసి కమలమ్మాళ్ ఇంట్లో మూలన కూర్చుంటాను. ఉన్నాయంటే నువ్వు నాకు క్షమాపణ రాయాలి. హాల్లో చదివించడానికి పనికొచ్చేలా, పెద్ద అక్షరాల్లో.

ఇట్లు,
అమ్మాయమ్మ వేలిముద్ర.
సాక్షులు: లలితకుమారి. రాజరత్నం (మళ్లీ నమ్ముతానని ఒట్టు వేశాక).

తా.క.: పన్నునొప్పికి లవంగం. ఆ అబ్బాయికి చెప్పండి. పాపం, తల్లి చితి ముందు ఏడ్చే సీను ఏదన్నా రాసి ఉంటే పన్ను పీకించాక తీయండి.

*

హైదరాబాద్,
ఆగస్టు మొదటివారం.

అమ్మాయమ్మ గారికి,

ఈ ఉత్తరం నవ్వుతూ మొదలుపెట్టిన పని నవ్వులాటగా ముగియలేదని చెప్పడానికి రాస్తున్నాను.

మీ మాట తీసిపారేయలేక, షూటింగ్ మధ్యలో మా నటీమణిని సరదాగా అడిగాను. ఆమె మొహం పాలిపోయింది. కుర్చీ కింద కాళ్లు ముడుచుకుంది. కొంతసేపటికి కుచ్చిళ్లు కాస్త ఎత్తి చూపించింది. రెండు పాదాలకూ వెండి మెట్టెలు ఉన్నాయి!

దర్శకుడికి తెలీదు. కెమెరామన్‌కు తెలీదు. మహాలక్ష్మి గారు తనకూ తెలీదంటున్నారు. తెర మీద ఎక్కడా కనపడలేదు. అలాంటిది పుదుచ్చేరిలో కూర్చున్న మీకు తెలిసింది. మా ఇన్‌స్పెక్టర్‌కు మీసం ఉందో లేదో తెలియని మీకు, మా కాత్యాయనమ్మ చీర కింద ఏముందో తెలుసు! అంటే మీరు సీరియల్ చూడటం లేదు. సెట్లో ఉన్నవాళ్లెవరో మీకు లోపలి కబుర్లు చేరవేస్తున్నారు. పోటీ ఛానెల్ వాళ్లు ఒక వృద్ధురాలి వేలిముద్ర వెనక దాక్కుని మా ముగింపును బయటికి లాగాలని చూస్తున్నారని మా నిర్మాత అభిప్రాయం. నూకరాజు, లలితకుమారి అన్నవి మారుపేర్లని కూడా ఆయన అనుమానం.

ప్రస్తుతం మహాలక్ష్మి గారిని పనిలోకి రావద్దన్నారు. కబురు మోసింది ఆమేనని అందరి నమ్మకం. మీకు సమాచారం ఇచ్చిందెవరో వెంటనే రాయండి. లేకపోతే మా వకీలు గారి నోటీసు మీకు చేరుతుంది.

ఫణిధర్.

తా.క.: క్షమాపణ విషయం వకీలు గారిని అడిగి చెబుతాను.

*

పుదుచ్చేరి,
ఆగస్టు.

హైదరాబాదు నాగావళి వారి నిర్మాతకు, దర్శకుడికి, ఫణిధర్‌కు, వకీలుకు, అందరికీ కలిపి,

అమ్మాయమ్మ అనే నేను, బతికే ఉన్నదాన్ని, మారుపేరు లేనిదాన్ని, రాయిస్తున్నాను.

మీ ఉత్తరం చదవగానే హాల్లో పెద్ద అరుపు లేచింది. మెట్టెలు ఉన్నాయి! మిగతాదేదీ ఎవరికీ వినపడలేదు. మంగళం కేసరి చేసింది. రాజరత్నం వీధి చివరిదాకా పోయి చెప్పి వచ్చాడు. కమలమ్మాళ్ మాత్రం గడప మీద నిలబడి “మెట్టి ఉంటే ఉండనీ అక్కా. హంతకుడు మొగుడని యాడ రుజువైంది? ఆఖరిరోజు చూస్తాం” అని కేసరి మాత్రం తీసుకుపోయింది.

తర్వాత లలితకుమారి మళ్లీ మొదటినుంచి చదివింది. అప్పుడు ఆ మహాలక్ష్మి సంగతి విన్నాం.

అయ్యలారా, ఆ పిల్ల ఎవరో నాకు తెలీదు. ఆమెకు నేను తెలీదు. నాకు కబురు తెచ్చినవాళ్లు ఎవరూ లేరు. వరదరాజులు నాయుడి మీద ఒట్టు. ఎట్లా తెలిసిందని అడుగుతారు. అది చెప్పను. అది నా ఇంటి రహస్యం. మీ కథలో కాత్యాయనమ్మకు ఒకటి ఉండగా లేనిది, నాకు ఒకటి ఉండకూడదా? నేను చెప్పలేదని ఒక ఆడపిల్ల కూడు తీస్తారా? మీ సీరియల్లో ఇట్లాంటి పని చేసినవాడి మీద నల్లకండువా పడుతుంది. గుర్తు పెట్టుకోండి.

నోటీసు పంపుతారా? పంపండి. మా ఊళ్లో వకీళ్లకు కొదవ లేదు. మా మామగారు ఒక్క కొబ్బరిచెట్టు కోసం ఫ్రెంచి దొర ముందు మొదలుపెట్టిన దావాను నా మొగుడు ఇండియా జడ్జి ముందు గెలిచాడు. చెట్టు మధ్యలోనే పడిపోయింది. అయినా గెలిచాం. ఆ వంశం మాది.

మీరు నన్ను ఇన్ని ప్రశ్నలు అడిగారు. అడగవలసిన మనిషిని అడగాల్సిన ప్రశ్న ఒక్కటి అడగలేదు. కాత్యాయనమ్మ వేషం వేసే ఆమెను, “మెట్టెలు ఎందుకు తీయలేదు తల్లీ?” అని అడిగారా? మగవాళ్లు, మీకు తోచదు. మహాలక్ష్మిని పిలిపించి ఆమె చేత అడిగించండి. ఆడదానికి ఆడది చెబుతుంది.

ఇట్లు,
అమ్మాయమ్మ వేలిముద్ర. ఈసారి గట్టిగా నొక్కాను.
సాక్షులు: లలితకుమారి, అసలుపేరు. నూకరాజు, అదీ అసలుపేరే, బిందెతో సహా.

తా.క.: కొడుకు అనంతరామన్ వకీలు నోటీసు అనగానే భయపడి “మానుకో అమ్మా” అన్నాడు. మోటారు వాడి గదికీ కట్టేయగలనని చెప్పాను.

*

హైదరాబాద్,
సెప్టెంబరు.

పూజ్యులైన అమ్మాయమ్మ గారి పాదాలకు నమస్కారాలు.

హాల్లో చదివించడానికి వీలుగా పెద్ద అక్షరాల్లో రాస్తున్నాను. క్షమించండి. మేము పొరబడ్డాం. మీ ఉత్తరం అందిన రోజే మహాలక్ష్మి గారు తిరిగి పనిలోకి వచ్చారు. నిర్మాత స్వయంగా వెళ్లి పిలుచుకొచ్చారు. వకీలు గారికి ఫీజు ఇవ్వలేదు కాబట్టి ఆయనా శాంతించారు.

చివరి భాగం ఈపాటికి మీరు చూసే ఉంటారు. ఇప్పుడు జరిగింది చెప్పే స్వేచ్ఛ నాకు వచ్చింది.

మహాలక్ష్మి గారు అడిగితే మా నటీమణి ఇలా చెప్పిందట: “తాళి తీయమన్నారు, తీశాను. బొట్టు చెరపమన్నారు, చెరిపాను. ఇంటికి పోయి మళ్లీ పెట్టుకుంటున్నాను. కానీ మా ఆయన గుండె ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో పడుకుని ఉన్నాడు. మెట్టెలు కూడా తీసి కెమెరా ముందు ఆయన పోయాడని ఏడవడానికి నాకు ధైర్యం చాల్లేదమ్మా. కుచ్చిళ్లు కిందికి దించుకున్నాను.”

అంటే కథలో మెట్టెలకు అర్థమే లేదు. అవి కాత్యాయనమ్మవి కావు, ఆమెవి. ఇంకో నిజం కూడా చెప్పాలి. మేము రాసుకున్న ముగింపులో హంతకుడు ఇన్‌స్పెక్టరే. ప్రేక్షకుల ఉత్తరాలు మూటలుగా వచ్చాయి. అందరూ ఇన్‌స్పెక్టరనే రాశారు. మీరొక్కరే మొగుడు అన్నారు. నటీమణి మాట విన్నాక దర్శకుడు స్క్రిప్టు మూసేసి, “ఆ పుదుచ్చేరి అవ్వ చెప్పిందే తీద్దాం. దానికి మించిన ముగింపు మన దగ్గర లేదు” అన్నాడు. అలా యజమాని బతికొచ్చాడు.

ఒకే ఒక్క కోరిక. మెట్టెల సంగతి మీకెలా తెలిసింది? ఇది తేలకపోతే మా యూనిట్లో ఎవరికీ నిద్ర పట్టేలా లేదు.

విధేయుడు,
ఫణిధర్.

తా.క.: లవంగంతో పన్ను నొప్పి తగ్గింది. తగ్గాక తీసిన సీన్లలో అతని మాట స్పష్టంగా వినపడుతోంది. ఏం మాట్లాడుతున్నాడో తెలిశాక దర్శకుడు సంభాషణలు తగ్గించమన్నాడు.

*

పుదుచ్చేరి,
సెప్టెంబరు.

చిరంజీవి ఫణిధర్‌కు ఆశీస్సులు.

ముత్తియాల్‌పేట అమ్మాయమ్మ అనే నేను, పందెం గెలిచినదాన్ని, రాయిస్తున్నది ఏమంటే.

ఆఖరిరోజు మా హాలు చాలలేదు. వాకిలి దాకా జనం. అరియాంకుప్పం నుంచి నా ఆడబిడ్డ బస్సెక్కి వచ్చింది. త్యాగరాజన్ తన కేబుల్ ఎక్కడ తెగుతుందోనని భయపడి మా ఇంట్లోనే కాపలా కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఆ మూసిన గది తలుపు కొడుతున్నాడు. తల్లిని అడుగుతున్నాడు. “అమ్మా, లోపల ఎవరు?” అంటున్నాడు. కాత్యాయనమ్మ మాట్లాడదు. నేను తమిళంలో చెప్పడానికి కూడా మాటలు లేవు, ఆమె మౌనంగా ఉంటే నేనేం చెప్పేది? అప్పుడు పక్కనుంచి కమలమ్మాళ్ కేక వేసింది.

“ఇదో, కుచ్చిళ్లు ఎత్తుతోంది అక్కా! కాళ్లు చూపిస్తోంది! మెట్టి ఉంది! అక్కా, మెట్టి ఉంది!”

తన ఓటమిని తనే దండోరా వేసింది. వెంటనే తలుపు తెరుచుకుంది. ముసలి గొంతు “కాత్యాయనీ” అని పిలిచింది. ఇక మా వీధిలో ఆ అరుపు సముద్రం దాకా వినపడి ఉంటుంది. మనవరాళ్లు ఇద్దరూ నా మెడకు చుట్టుకుని, “అవ్వ గెలిచింది! అవ్వ గెలిచింది!” అని వీధంతా తిరిగారు. తెలుగులో ఫణిధర్, తెలుగులో! ఆ అరగంట నాదే. మీ తర్వాత సీరియల్ ఏదైనా సరే, మా హాల్లోనే నడుస్తుంది.

మెట్టెలకు అర్థం లేదన్నావు. నేను పొరబడ్డానని మెల్లగా అంటున్నావు. ఏమయ్యా, నేనేం చెప్పాను? మెట్టెలున్న ఆడదానికి మొగుడు బతికున్నాడని చెప్పాను. ఆమె మొగుడు బతికున్నాడా, లేడా? మరి నేను పొరబడింది యాడ? ఆయన నిండు నూరేళ్లూ ఉండాలని మా ఈశ్వరన్ కోవెల్లో అర్చన చేయించాను. ఆమెకు చెప్పు.

ఇక నువ్వు అడిగిన రహస్యం. మహాలక్ష్మి పడిన బాధకు మీకు ఆ మాట చెప్పాల్సిన రుణం ఉంది, చెబుతాను. ఫణిధర్, నాకు నీ సీరియల్ కనపడదు. రెండు కళ్లకూ పొరలు కమ్మి ఏళ్లయింది. వెలుగు తెలుస్తుంది, మనుషులు నీడల్లా కదులుతారు. అంతే. కొడుకుతో చెబితే ఆపరేషన్ అంటాడు. వీధిలో తెలిస్తే ‘గుడ్డిది కథ చెబుతోంది’ అంటారు. అందుకని గోడలు తడుముకుంటూ గుట్టుగా నడిపాను. నేను వింటాను. అంతే నా చూపు. మీసం గొంతును బట్టి అనుకున్నాను, అది తప్పింది. మెట్టెలు తప్పలేదు.

మీరంతా బొమ్మలు వెతికారు. చప్పుడు వినలేదు. రాతి గచ్చు అన్నావే, ఆ గచ్చు మీద ఆమె నడిచినప్పుడల్లా చిన్నగా, వెండి రాయిని తాకిన చప్పుడు. నా మొగుడు పోయినప్పుడు మెట్టెలు తీశారు. లేచి వంటింట్లోకి పోతుంటే నా ఇంట్లో నా నడకే నాకు వినపడలేదు. ఎవరో వేరే మనిషి పోతున్నట్టు ఉండింది. ఆ చప్పుడు ఉండటం ఏంటో, లేకపోవడం ఏంటో నాకు ఒకరు చెప్పాలా?

ఈ కాగితం మీద సాక్షి సంతకానికి ఓడిన మనిషినే పిలిపించాను. అది గెలిచినవాళ్ల హక్కు. రాసినదేందో ఆమెకు చెప్పాలి కదా. కళ్ల సంగతి దాకా వచ్చి ఆగాను. తర్వాత, ఏమైతే అదయిందని తమిళంలో చెప్పేశాను. “కమలా, నాకు కళ్లు కనపడవే.”

ఆమె తల కూడా ఎత్తలేదంట. సంతకం పెట్టడానికి పెన్ను విదిలిస్తూ అనింది:

“అది తెలీకనా అక్కా, ఇన్నాళ్లూ రోజూ గొంతు చించుకుని, కత్తి తీశాడు, మెట్లెక్కాడు అని చెప్తా ఉండేది?”

లలితకుమారి రాయడం ఆపేసింది. నేను మోటారు వేయించాను.

ఇప్పుడు ఆపరేషన్ చేయించుకోమని ఆమే పోరుతోంది. చేయించుకుంటాను. అయినా ఆమె నోరు మూయించను. అలవాటైపోయింది.

తా.క.: అసలు ముగింపు ఇన్‌స్పెక్టరేనన్న ముక్క మాత్రం కమలమ్మాళ్‌కు చెప్పలేదు. ఉత్తరం తమిళంలోకి తిప్పేటప్పుడు ఆ వాక్యం దగ్గర నాకు దగ్గొచ్చింది. ప్రేమ వేరు, పందెం వేరు. పైన ఏం రాసి ఉందో ఆమెకు తెలుగు చదవడం రాదు. నువ్వూ ఎప్పుడైనా ఇటు వస్తే నోరు జారకు. ఉప్పుచేపల కూర వండి పెడతాను.

ఇది నేను చెప్పగా రాసింది. చదివి వినిపించారు. అంతా నేను చెప్పినట్టే ఉంది.

అమ్మాయమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు:
కమలమ్మాళ్ (తమిళ సంతకం).
లలితకుమారి.
నూకరాజు (చేతులు ఖాళీ అయ్యాక).